లోవమ్మ సింహాల కుర్చీ

మొగలిలంకలో జనం నిలబడటం మొదలుపెట్టింది లోవమ్మ ఇంటికి కుర్చీ వచ్చిన రోజునుంచి. అంతకుముందు హాయిగా కూర్చునేవారు. లోవమ్మ ఇంటి అరుగంటే రాజోలు రోడ్డున పోయే ప్రతివాడికీ సొంత అరుగు కిందే లెక్క. పాలు పోసి వచ్చేవాడు, ఆటో కోసం చూసేవాడు, ఏ పనీ లేనివాడు, అందరూ అక్కడ చతికిలబడి, మంచినీళ్ళడిగి తాగి, ఊళ్ళో సంగతులన్నీ తిరగేసి వెళ్ళేవారు. అలాంటి అరుగు మధ్యకి ఒక కుర్చీ వచ్చింది. మనుషులంతా లేచి నిలబడ్డారు. కుర్చీ వస్తే నిలబడటమేమిటండీ అని మీరు అడుగుతారు. అడగండి, నాకేం పోయింది, మొదట్నుంచీ చెబుతాను.

లోవమ్మ పుట్టింది ఈ లంకలోనే. వాళ్ళమ్మ మండువా లోగిలివారి పెరడు ఊడ్చేది. ఆ లోగిలి అరుగు మీద పెద్దరావుగారి పడక కుర్చీ ఉండేది. టేకుది, పేము అల్లికది, కాళ్ళు చాపుకోవడానికి ముందుకి పొడుగ్గా సాగే చేతులున్నది. పెద్దరావుగారు అందులోకి వచ్చి కూర్చుంటే వాకిట్లో ఉన్నవాళ్ళంతా నిలబడేవారు. ఆయన లేచి లోపలికెళ్ళాక కూడా కాసేపు నిలబడేవారు, కుర్చీ ఇంకా అక్కడే ఉంది గనక. చీపురు పట్టుకుని తల్లి వెనకాల తిరిగే లోవమ్మకి అప్పట్నుంచే ఒక సంగతి తెలిసిపోయింది. మనిషి గొప్పా కాదా అన్నది మొహం చూసి తెలుసుకోనక్కర్లేదు, కింద ఏముందో చూస్తే చాలు.

నిజమే కదండీ. మా లంకల్లో ఎవరికి ఏది వేస్తారో చూస్తే ఊరంతా అర్థమైపోతుంది. బ్యాంకాయన వస్తే ప్లాస్టిక్ కుర్చీ, వియ్యపురాలొస్తే పీట, కూలికొచ్చినవాడికి నేల. కుర్చీ వేశాక తుడవటంలో మళ్ళీ తేడాలు. కండువాతో తుడిస్తే ఒకటి, చేత్తో దులిపితే ఒకటి, తుడిచినట్టు నటిస్తే మరొకటి. ఇంత చదువు ఏ బడిలోనూ చెప్పరు.

లోవమ్మకి సత్తిరాజుతో పెళ్ళయింది. సత్తిరాజు కొబ్బరి దింపు తీసేవాడు. మంచివాడు, ఎంత మంచివాడంటే ఏం చెప్పినా "ఆయ్" అంటాడు, అంతకుమించి ఆయన నోట మాట రావడం కష్టం. ఓ వానాకాలం చెట్టు మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇల్లు గడవక లోవమ్మ కువైట్ వెళ్ళింది. అక్కడ ఓ పెద్దింట్లో పని.

ఆ ఇంటి హాల్లో గోడ వారన వరసగా బంగారు రంగు కుర్చీలు. ఎర్ర ముఖమల్ మెత్తలు. చేతులు పెట్టుకునే చోట సింహాల తలలు, నోళ్ళు తెరుచుకుని. ఆ సింహాల పళ్ళ సందుల్లో దుమ్ము చేరకూడదు. చెవులు తుడుచుకునే దూది పుల్లలతో ఒక్కో పన్నూ తుడవడం లోవమ్మ పని. ఏ సింహానికి ఏ పన్ను విరిగిందో ఆ ఇంటివాళ్ళకి తెలియదు, లోవమ్మకి తెలుసు. అరబ్బీలో ఆవిడకి ముందు వచ్చిన మాట "గూమీ". లే అని అర్థం. వంటింట్లో నేల మీద కూలబడినా సరే, ఎవరో ఒకరొచ్చి గూమీ అనేవారు. ఎప్పుడైనా ఆ ఇంటివాళ్ళంతా ఊరెళ్తే ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుందామా అనిపించేది. కానీ పైన కెమెరా ఉండేది. కూర్చోలేదు.

అక్కడే ఆవిడకి పంతం పట్టుకుంది. తిరిగొచ్చాక ఇల్లు బాగు చేయించలేదు, గాజులు చేయించుకోలేదు. వడ్రంగి అంజిబాబుని పిలిపించింది. పగలు, నలుగురూ చూస్తుండగా, తన అరుగు మీద, సింహాల కుర్చీలో కూర్చుని, ఇంకొకరు తెచ్చిచ్చిన టీ తాగాలి. ఇంతే కోరిక. రాత్రి తలుపేసుకుని కూర్చుంటే పోలేదా అని మీకనిపించవచ్చు. ఆ మాట సత్తిరాజే ఒకసారి అన్నాడు, పాపం నోరు తెరిచి. "తలుపేసుకుని కూర్చోడానికైతే నేల చాలదేంటండీ," అంది లోవమ్మ. సత్తిరాజు "ఆయ్" అన్నాడు.

అంజిబాబు గుమ్మాలు చేస్తాడు, మంచాలు చేస్తాడు, గుమ్మం మీద నెమళ్ళు చెక్కుతాడు. సింహం ఎప్పుడూ చెక్కలేదు. సెల్లులో సింహాల వీడియో పెట్టుకుని చూశాడు. ఒక సింహం పడుకునుంది, ఇంకోటి ఆవులిస్తోంది.

"ఇదేంటండీ లోవమ్మగారూ, మా బావమరిదిలా ఉంది," అన్నాడు.

"అలా కాదు అంజిబాబూ. ఆ మొహం చూడగానే కూర్చున్నవాడు లేచి నిలబడిపోవాలి. అలా చెక్కు."

"ఆయ్, తెలిసిందండి. కూర్చునే ఎత్తెంత పెట్టమంటారు?"

లోవమ్మ ఆలోచించింది. "ఎత్తు నాకెలా తెలుస్తుంది, నేను కూర్చుంటే కదా. వంగి తుడిచేటప్పుడు మాత్రం నడుం ఇదిగో ఇంతే వంగేది." వంగి చూపించింది. అంజిబాబు ఆ వంగిన దాన్ని బట్టి టేపు పెట్టి కొలత రాసుకున్నాడు. ప్రపంచంలో కుర్చీకి కొలత కూర్చునేవాళ్ళని బట్టి తీస్తారు, తుడిచేవాళ్ళని బట్టి తీసింది మా అంజిబాబు ఒక్కడే.

కుర్చీ వ్యానులో దిగింది. గుమ్మంలోంచి లోపలికి పట్టలేదు, అరుగు మీదే పెట్టారు. పైన కప్పిన దుప్పటి తీశారు. చూడ్డానికొచ్చిన జనంలో ముసలివాళ్ళంతా ఒక్కసారి గతుక్కుమన్నారు. కొందరు తలకి చుట్టుకున్న తువ్వాళ్ళు దించేశారు. కుర్చీ రెండు చేతుల మీదా ఉన్నవి సింహాలే, జూలుంది, కోరలున్నాయి, బంగారు రంగుంది. మొహం మాత్రం చనిపోయిన పెద్దరావుగారిది. ఆ గుబురు మీసం, ఆ ఎత్తిన కనుబొమ్మ, ఆ చెవుల్లో జుట్టుతో సహా.

అంజిబాబు నుదురు కొట్టుకున్నాడు. "నేను కావాలని చెక్కలేదండీ. లేచి నిలబడాలి అన్నారా, నా చిన్నప్పట్నుంచీ నేను ఎవర్ని చూసి లేచానో చెయ్యి అటే పోయిందండి."

సరే, వచ్చినవాళ్ళు వచ్చారు. ఇక్కడ మా వైపు మర్యాద గురించి రెండు ముక్కలు చెప్పాలి. అది మర్యాద కాదు, రోగం. వచ్చిన మనిషి నిలబడి ఉండగా ఇంటివాళ్ళు కూర్చోరు. చంపినా కూర్చోరు. అలాగే, కూర్చున్న మనిషిని లెమ్మనరు. కొత్తపేటలో ఓ పెళ్ళిలో ఎవడో దారితప్పినవాడు మొదటి బంతిలో పెళ్ళికొడుకు మేనమామ ఆకు ముందు కూర్చున్నాడు. వాడెవడో ఎవరికీ తెలియదు, పక్క వీధి పెళ్ళికి రావలసినవాడు. అయినా ఒక్కరూ లెమ్మనలేదు. ఆ మేనమామే దగ్గరుండి నెయ్యి వడ్డించి, ఇంకో గారె వేయించి, తను ఆఖరి బంతిలో చల్లారిన సాంబారు తిన్నాడు. మేం అలాంటివాళ్ళం.

అందుకని లోవమ్మ కూర్చోకుండా పక్కింటి ఆదిలక్ష్మిని చూసి, "కూర్చో అక్కా," అంది.

"అమ్మో, నేనెక్కడ తల్లీ అందులో. నువ్వు కూర్చో."

"నువ్వు నిలబడుంటే నేనెలా కూర్చుంటాను? కూర్చో."

"పెద్దాయన నెత్తి మీద చేతులేసి కూర్చోమంటావా? మా మావగారు పైనుంచి చూస్తారు."

అలా సాయంత్రం దాకా సాగింది. ఆదిలక్ష్మి వెళ్ళాక ఇంకొకరు, వాళ్ళు వెళ్ళాక ఇంకొకరు. కుర్చీలో కూర్చోడానికి భయం, కుర్చీ పక్కన కింద కూర్చుంటే ఏదోలా ఉంటుంది, కాబట్టి అందరూ నిలబడ్డారు. అందరూ నిలబడ్డారు కాబట్టి లోవమ్మా నిలబడింది. వాకిట్లో చెప్పులు విడిచి రావడం మొదలుపెట్టారు. బీడీలు మానేశారు. అన్నదమ్ములిద్దరు గట్టు తగాదా చెప్పుకుంటూ వచ్చి, ఆ మొహాల ముందు అబద్ధమాడలేక అక్కడికక్కడే రాజీ పడిపోయారు. ఎవరో కుర్చీ ముందు మందారపువ్వు పెట్టి వెళ్ళారు. లోవమ్మ నిలబడి అందరికీ టీలు పెట్టింది. మోకాళ్ళు వాచాయి. కువైట్‌లో కూడా ఇంతసేపు నిలబడలేదు అనుకుంది.

సంగతి మండువా లోగిలికి చేరింది. అక్కడిప్పుడు పెద్దరావుగారి అబ్బాయి సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు ఉంటున్నారు. అబ్బాయంటే ఆయనకీ మనవలున్నారు. తండ్రి పడక కుర్చీ రోజూ తుడిపిస్తారు గానీ ఆయన అందులో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. నడుం నొప్పన్నారు కొందరు, వాస్తు దోషమన్నారు కొందరు. అరుగు చివర కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటారు. అలాంటాయన గొడుగు పట్టుకుని లోవమ్మ వాకిట్లోకి నడిచి వచ్చేసరికి, ఇంక అయిపోయింది, కుర్చీ గోదాట్లోకే అనుకున్నారంతా.

రావుగారు కుర్చీ ముందు ఆగారు. గొడుగు మూసి చంకలో పెట్టుకున్నారు. చేతులు జోడించారు.

"నాన్నగారు," అన్నారు.

రావుగారు రెండు మొహాలూ మార్చి మార్చి చూసి, "కుడివైపు ఉన్నది తోటలోంచి వచ్చినప్పటి నాన్నగారు. ఎడమవైపుది అన్నం తిన్నాక. బాగా పట్టేడు అంజిబాబు," అని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. కుడి సింహానికి కొబ్బరి ధర చెప్పేవారు, ఎడమ సింహానికి కోడలి సంగతి చెప్పేవారు. చెప్పి, ఏదో సమాధానం విన్నట్టు తలాడించేవారు. ఓ రోజు లోగిలినుంచి చిన్న పనస చెక్క పీట తెచ్చి కుర్చీ ముందు పెట్టారు. "నాన్నగారు పొట్టివారు లోవమ్మా. పడక కుర్చీలో వెనక్కి వాలకుండా కూర్చుంటే కాళ్ళు కింద ఆనేవి కావు. చిన్నప్పుడు ఆయన కూర్చోగానే ఈ పీట కాళ్ళ కిందికి జరపడం నా పని. ఆలస్యమైతే చూసేవారు." ఎలా చూసేవారో చెప్పక్కర్లేదు, రెండు సింహాలూ అలాగే చూస్తున్నాయి.

రావుగారు వస్తున్నారని రావుగారితో పనున్నవాళ్ళంతా రాసాగారు. ఇప్పుడు పొద్దున్నే లోవమ్మ అరుగు మీద ఖాళీ కుర్చీ చుట్టూ ఊరు ఊరంతా నిలబడి ఉండేది. చూసినవాళ్ళెవరైనా మాకు మతి పోయిందనుకుంటారు. అనుకోనివ్వండి. లోవమ్మ మాత్రం పొయ్యి దగ్గరకీ అరుగు మీదకీ తిరుగుతూ, తన కుర్చీ వంక చూసుకుంటూ, లోపల్లోపల కుమిలిపోయేది. తన కష్టంతో చేయించుకున్న కుర్చీ ఒకరి నాన్నగారైపోతే ఏ ఆడది మాత్రం ఓర్చుకుంటుంది?

అప్పుడు పెద్దరావుగారి తద్దినం దగ్గరపడింది. ఓ సాయంత్రం రావుగారు వచ్చి, చాలా మెత్తగా అడిగారు. "లోవమ్మా, కుర్చీని రేపు లోగిలికి పట్టుకెళ్దామనుకుంటున్నాం. తద్దినం అక్కడ జరగాలి కదా. తర్వాత మరి... ఆయన ఇల్లే కదా అది. అక్కడే ఉంటారు. నీకు కావలిస్తే అంజిబాబు చేత ఇంకోటి, నెమళ్ళది చేయిస్తాను."

కాదు అనాలి. ఇవ్వను అనాలి. లోవమ్మ నోరు తెరిచింది. "ఆయ్, అలాగేనండి," అని వచ్చింది ఆ నోట్లోంచి.

రావుగారు వెళ్ళాక లోవమ్మ పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్ళు అరబ్బీలో గూమీ అన్నవాళ్ళ మీద కోపం రాలేదు, తన నోటి మీద వచ్చింది. సత్తిరాజు పక్కనే నిలబడ్డాడు. ఏం చెయ్యాలో ఆయనకి తోచదు, పాపం. చివరికి, "కూర్చున్నవాళ్ళని ఎవరూ లెమ్మనరు కదే," అన్నాడు. అంతే అని బయటికెళ్ళిపోయాడు. పెళ్ళయ్యాక ఆయన అన్న పెద్ద మాట అదే.

మర్నాడు పొద్దున్న లోవమ్మ తలంటుకుంది. గంజి పెట్టిన చీర కట్టుకుంది. వాకిట్లో ట్రాక్టరు చప్పుడు విని అరుగు మీదకొచ్చింది. అప్పటికే జనం చేరారు, రావుగారు గొడుగుతో నిలబడ్డారు, ట్రాక్టరు తోలే దానం తాళ్ళు దించుతున్నాడు. లోవమ్మ కుర్చీ చుట్టూ ఓసారి తిరిగింది. వెనక్కి తిరిగింది. రెండు సింహాల నెత్తి మీదా రెండు చేతులు ఆన్చి, ఎగిరి కూర్చుంది.

దానం తాళ్ళు పట్టుకుని ఆగిపోయాడు. రావుగారి వంక చూశాడు. రావుగారు ఆదిలక్ష్మి వంక చూశారు. లెమ్మని ఎవరంటారు? ఎవరూ అనరు.

"పిన్నిగారండీ, లోపల పాలు పొంగుతున్నట్టున్నాయండి," అన్నాడు దానం.

"పొయ్యి ఆర్పేసి వచ్చేనయ్యా."

"మీ ఫోను మోగుతోందండి."

"మోగనీ."

"మబ్బేసింది లోవా, దండెం మీద బట్టలు తడిసిపోతాయేమో," అంది ఆదిలక్ష్మి.

"ఇయ్యాళ ఉతకలేదక్కా."

అంజిబాబు ముందుకొచ్చాడు. "ఎవరో అమలాపురంనుంచి మీకోసం వచ్చేరటండి. రోడ్డు మీద ఉన్నారు."

"ఇక్కడికి రమ్మను. కూర్చుని మాట్లాడుకుంటాం."

ఇంకెవరికీ ఏమీ తోచలేదు. లోవమ్మ సింహాల నెత్తి మీది చేతులు తియ్యలేదు. ఎవరో ఒకరు ఇప్పుడు గూమీ అంటారు అనుకుంది. వీపు వెనక్కి ఆనడం లేదు, కూర్చునే చోటు మరీ ఎత్తుగా ఉంది. కొలత తుడిచే మనిషిది కదా. కాళ్ళు నేలకి అందక గాల్లో వేలాడుతున్నాయి, పసుపు రాసిన పాదాలు, పగిలిన మడమలు. అందరూ ఆ పాదాల వంకే చూస్తున్నారు.

రావుగారు కూడా చూశారు. వేలాడే కాళ్ళు. పైన ఆ రెండు మొహాలు. ఆయన చంకలోని గొడుగు కింద పెట్టి, గబుక్కున వంగి, పనస చెక్క పీటని లోవమ్మ పాదాల కిందికి జరిపారు.

జరిపాక ఆయనకి తెలిసింది తను ఏం చేశారో. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. లోవమ్మ పాదాలు పీట మీద ఆనాయి. ఆవిడ తీసెయ్యలేదు. తీసెయ్యాలని కాళ్ళకి అనిపించింది, తీసెయ్యలేదు.

రావుగారు మెల్లగా లేచారు. మొహం చిన్నబోయింది. "మా పడక కుర్చీలో నేనెప్పుడూ కూర్చోలేదు లోవమ్మగారూ. కూర్చుందామని వెళ్తాను. ఆయన ఉన్నట్టే ఉంటుంది."

లోవమ్మకి గారు అన్న మాట వినపడింది. అయినా దాని గురించి ఏమీ అనలేదు. "ఇంటికెళ్ళి కూర్చోండి బాబుగారూ. ఆయన ఇక్కడున్నారు కదా," అంది. "ఇక్కణ్ణుంచి నేను కదలనివ్వను."

రావుగారు రెండు సింహాల వంకా చూశారు. వాటి నెత్తి మీద లోవమ్మ చేతులున్నాయి, మీసం దాకా కప్పేసి. ఎప్పుడూ లేంది, ఆయన చిన్నగా నవ్వారు. దానం తాళ్ళు చుట్టేసి ట్రాక్టరులో పడేశాడు.

అప్పుడే సత్తిరాజు లోపల్నుంచి రెండు గ్లాసులతో వచ్చాడు. గుమ్మంలో ఆగి, రావుగారి వంక ఓసారి, పెళ్ళాం వంక ఓసారి చూశాడు. ఎవరికి ముందివ్వాలో పాపం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

"ఇలా తెండి," అని లోవమ్మ చెయ్యి చాపింది.

గ్లాసు అందుకుంది. ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తాగింది. టీలో పంచదార మరిచిపోయాడు సత్తిరాజు. కొంగుతో మొహం తుడుచుకుని, కుర్చీలోంచే వాకిలంతా కలయజూసింది. "నిలబడ్డారేంటండీ అందరూ? కూర్చోండి," అంది.

ఇంటావిడ కూర్చుని కూర్చోమన్నాక ఇంక నిలబడటానికి మాకు ఏ మర్యాదా అడ్డు రాదు. ఆదిలక్ష్మి అరుగంచున కూర్చుంది. దానం మెట్టు మీద కూర్చున్నాడు. ఒక్కొక్కరే ఎవరికి తోచిన చోట వాళ్ళు చతికిలబడ్డారు. రావుగారు చుట్టూ చూసి, మూల ఉన్న కాలు విరిగి వైరు చుట్టిన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని, ఎవరూ తుడవకముందే కూర్చున్నారు.